ఐర్లండు నవ్వు - గోదావరి పెండ్లి

రాజమహేంద్రవరమునకును డబ్లిను నగరమునకును నడుమ సముద్రములు కలవు. భాష వేఱు, మతము వేఱు, వేషము వేఱు. అయినను ఐర్లండు గడ్డపై పుట్టిన మువ్వురు రచయితలు మన గోదావరీతీరమున నొక యింటికి అతిథులై వచ్చిరి. ఆ గృహస్థు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవల ఛాయ పంతులుగారి 'రాజశేఖర చరిత్రము'నందు కలదు. అది 1878లో 'వివేకవర్ధని' పత్రికయందు వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చి, 1887లో 'ఫార్చ్యూన్స్ వీల్' అను పేర ఆంగ్లమునకు మరలి లండను నగరమున అచ్చైనది. జోనతన్ స్విఫ్ట్ వ్రాసిన గలివరు యాత్రల ఛాయ 'సత్యరాజా పూర్వదేశయాత్రల'యందు కలదు. ఇక రిచర్డ్ షెరిడన్ వ్రాసిన 'ది రైవల్స్' అను హాస్యనాటకము 'కల్యాణ కల్పవల్లి' యనియు, 'ది డ్యుయెన్నా' అను గేయనాటకము 'రాగమంజరి' యనియు పంతులుగారి చేతిలో తెలుగు పేర్లు ధరించినవి.

మన విద్యాలయములలో ఈ మువ్వురిని ఆంగ్లకవులని చెప్పుచు వచ్చిరి. మేమును అట్లే చదువుకొంటిమి. ఆంగ్లమున వ్రాసినవాడెల్ల ఆంగ్లేయుడే యని మనము నమ్మిన కాలమొకటి కలదు. ఆ పొరపాటును దిద్దుకొని చూచినచో వారి నవ్వునకు వేఱొక రుచి తోచును. ఏలినవాని భాషను నేర్చి, ఏలినవాని రాజధానిలో, ఏలినవానినే కూర్చుండబెట్టి నవ్వించిన పరాధీనజాతివారి నవ్వు అది. అందును ప్రణయహాస్యముల రుచి ప్రత్యేకమైనది. అది యెట్టిది? అది గోదావరి నీటిలో ఏల అంత సులభముగా కలిసినది? ఇదియే నేటి మా ప్రశ్న.

ముందుగా షెరిడన్ మాట. ఆయన 1751లో డబ్లినున జన్మించెను. తండ్రి నటుడు, తల్లి రచయిత్రి. యౌవనమున బాత్ నగరమునందు ఎలిజబెత్ లిన్లీ యను గాయనిని వలచి, 1772లో ఆమెతోగూడ ఫ్రాన్సుదేశమునకు వెడలిపోయెను. ఆమె నిమిత్తము ఒక సేనానితో రెండుమార్లు కత్తి దూసెను. కావున లేచిపోవుట యనునది ఆయనకు పుస్తకములలో చదివిన ముచ్చట కాదు. 1775 జనవరి 17వ తేదీన లండనులోని కోవెంట్ గార్డెన్ రంగశాలయందు 'ది రైవల్స్' మొదటిసారి ప్రదర్శింపబడగా జనులకు రుచింపలేదు. నాటకము మిక్కిలి దీర్ఘముగా నుండెను. అందులోని ఐరిష్ పాత్ర ఆ జాతికి అవమానమని కొందఱు కినిసిరి. ఆ పాత్రధారిపై ప్రేక్షకులలో నొకడు ఆపిలుపండు విసరెను. ఇట్టి సమయమున గర్వి యైన కవి ప్రేక్షకులను నిందించి యింట కూర్చుండును. షెరిడన్ అట్లు చేయలేదు. నాటకమును వెనుకకు దీసికొని, కోసి, కుట్టి, నటుని మార్చి, పదునొకండు దినములకు, అనగా జనవరి 28న, మరల రంగమెక్కించెను. ఈసారి లండను నగరము విరగబడి నవ్వినది.

కథ యిట్టిది. లిడియా యను ధనవంతురాలగు కన్య నవలలు చదివి చదివి, బీదవానిని వలచి లేచిపోవుటయే ప్రేమ యని నిశ్చయించుకొన్నది. కాప్టెన్ అబ్సల్యూట్ ధనికుని కుమారుడు. ఆమె మెప్పు కొఱకు బీదసైనికుడనని బొంకి మాఱుపేరు ధరించెను. ఇంతలో అతని తండ్రి వచ్చి, తాను కుదిర్చిన పిల్లను ఆమె ముఖమైనను చూడకయే పెండ్లాడవలెనని యాజ్ఞాపించెను. కుమారుడు ఎదురుతిరిగెను. తీరా విచారింపగా ఆ పిల్ల లిడియాయే! తండ్రి యాజ్ఞయు కొడుకు వలపును ఒక్క గడపయొద్దనే కలిసికొన్నవి. మన సామాన్యపు కథయైనచో ఇచ్చటనే మంగళవాద్యములు మ్రోగును. కాని షెరిడన్ కథ ఇచ్చట ఆగదు. అది పెద్దలు కుదిర్చిన సంబంధమని తెలిసినంతనే లిడియా అలిగి వలదని చెప్పినది. తండ్రి ఒప్పుకొన్నాడు, కొడుకు ఒప్పుకొన్నాడు, మేనత్త ఒప్పుకొన్నది. ఒక్క కన్య ఒప్పుకొనకపోవుటచే పెండ్లి ఆగిపోయినది! ఆ ఆగిన క్షణమునందే నాటకమంతయు కలదని మా యభిప్రాయము.

ఆ మేనత్త పేరు మిసెస్ మాలప్రాప్. ఆమె పెద్ద పెద్ద మాటలను తప్పుతావున వాడి తన పాండిత్యమును తానే తలక్రిందులు చేసికొనును. ఆమె మనకు క్రొత్త కాదు. అల్లుని పొగడబోయి 'మా అల్లుడు మహా అవినీతుడండీ' యని వినయమును గూర్చి చెప్పితినని సంతసించువారిని, సన్మానసభలో 'ఈ మహనీయునికి సంతాపము తెలుపుచున్నాను' అని సంతోషమును వెల్లడించువారిని మనమెఱుగుదుము. పరభాషాపాండిత్యము గౌరవచిహ్నమైన దేశములన్నిటను ఇట్టి మేనత్తలు పుట్టుచునేయుందురు. ఐర్లండున అది ఆంగ్లము, మనకడ సంస్కృతము, పిమ్మట ఆంగ్లము.

'ది డ్యుయెన్నా' యందు తమాషా మఱింత చిక్కనిది. అదియు 1775లోనే ప్రదర్శితమైనది. లూయీసా యను కన్యను తండ్రి ఒక ధనవంతునికి కట్టబెట్టదలచి ఇంట బంధించును. ఆమె తన కావలికత్తె యగు వృద్ధదాసి వేషము వేసికొని వీధిలో పడును. తండ్రి స్వయముగా కూతురినే దాసి యనుకొని ఇంటినుండి వెడలగొట్టును! దాసి కూతురి స్థానమున కూర్చుండి ఆ ధనవంతుని పెండ్లాడును. ఈ కథ వినినంతనే తెలుగువానికి మాయాశశిరేఖ స్ఫురింపకపోదు. 'కన్యాశుల్కము'లో లుబ్ధావధానులకు ఆడవేషమున నిచ్చి పెండ్లిచేసిన మహేశము స్ఫురింపకపోడు. ఒకరినుండి యొకరు గ్రహించిరని మేము చెప్పుట లేదు. కన్య నోరు కట్టిన దేశములన్నిటను లోకుల యూహ ఈ యొక్క యుక్తినే పన్నినది: పీటపై కూర్చుండవలసిన పిల్లను తప్పించి, ఆ తావున నవ్వును కూర్చుండబెట్టుట. ఆ నాటకమునకు మచ్చయు లేకపోలేదు. మోసపోయిన ధనవంతుని యూదుజాతివానిగా జేసి, ఆ జాతిని ఎగతాళి పట్టించుట ఆ కాలపు దుర్గుణము. దానిని నేడు మనము మెచ్చనక్కఱలేదు.

గోల్డ్‌స్మిత్ 1773లో ప్రదర్శింపజేసిన 'షీ స్టూప్స్ టు కాంకర్' అను నాటకమును ఈ కోవకు చెందినదే. పెండ్లిచూపులకు వచ్చిన యువకుడు పిల్లవారి యింటిని పూటకూళ్లయిల్లని భ్రమించి, కాబోవు మామగారిని పూటకూళ్లవానివలె గద్దించును! గొప్పింటి కన్యలయెదుట నోరు పెగలని ఆ యువకుడు దాసీజనముకడ మహావక్త. ఇది గ్రహించిన కన్య తాను దాసివలె నటించి, అతని నిజస్వభావమును పరీక్షించి, పిదప వరించును. పెండ్లిచూపులలో పిల్లను చూచుటయే మనమెఱుగుదుము. ఇచ్చట పిల్లయే చూచినది.

ఈ మూడు నాటకములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఐర్లండు ప్రణయహాస్యమున రుచి యేమో తేటపడును. అందు నాయకుని ఆయుధము నాలుక. కత్తులు కలవు గాని అవి తఱచుగా నవ్వులపాలగును. తండ్రి మొండివాడేగాని దుర్మార్గుడు కాడు. కోపము చల్లారినంతనే విందునకు కూర్చుండును. బీదతనము కలదు, ఏడుపు లేదు. అన్నిటికిని మించి, కన్య 'ఊ' అనునంతవఱకు కథ ముగియదు. మొదటి మూడును మన గోదావరి మండలమున పుష్కలముగా కలవు. కాలువగట్టుమీద, రేవులో, కాఫీహోటలులో ఈ సీమవారి వెటకారము జగత్ప్రసిద్ధము. గోదావరివాడు 'అబ్బో, తమరు మహానుభావులండీ' యనినచో ఎదుటివాడు తన తప్పేమో వెదకికొనవలసినదే. నీరు నిండిన సీమ, మాట నిండిన నోరు, మర్యాదలో దాగిన ముల్లు - ఇవి ఐర్లండునకును గోదావరికిని ఉమ్మడి సొత్తు. కాని నాలుగవది?

ఇచ్చటనే వీరేశలింగముగారి సాహసము కానవచ్చును. పంతులుగారి కాలమున మన యగ్రహారములలో ఎనిమిదేండ్ల పిల్లకు పెండ్లి, పదేండ్లకు వైధవ్యము వింతలు కావు. పంతులుగారును బాల్యమున వివాహితులైనవారే. అట్టి సమాజమున ప్రణయహాస్యమునకు తావెక్కడ? బొమ్మలతో నాడుకొను బిడ్డ ఎవరిని పరీక్షించును? ఎవరిని వలదనును? వరించుటకు వయస్సు వలయును, వలదనుటకు నోరు వలయును. ఈ రెండును లేనిచోట పెండ్లినిగూర్చి విలాపము వ్రాయవచ్చును, ప్రహసనము వ్రాయవచ్చును, ప్రణయహాస్యము వ్రాయరాదు. అట్టి తావున, పెండ్లికి తన సమ్మతి కావలెనని పట్టుబట్టు కన్యలను తెలుగుమాటలతో నిలువబెట్టుట కేవలము వినోదము కాదు. పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ చేతితోనే ఈ నాటకములను తెనిగించిరి. ఆ రెండు పనులును ఒక్కటే యని మాకు తోచుచున్నది. ఒకటి పందిరిలో చేసిన సంస్కారము, రెండవది కాగితముపై చేసిన సంస్కారము.

ఒక వైపరీత్యమును ఇచ్చట చెప్పకుండ దాటరాదు. కన్యల స్వాతంత్ర్యమును నాటకములలో అంత ముద్దుగా చిత్రించిన షెరిడన్, 1773లో ఎలిజబెత్తును బహిరంగముగ వివాహమాడిన పిమ్మట ఆమెను సభలలో పాడనీయలేదు. గొప్పవాని భార్య ధనము నిమిత్తము పాడుట గౌరవహీనమని ఆయన తలంచెను. దేశమంతయు మెచ్చిన కంఠము ఇంటిగోడల నడుమ నిలిచిపోయినది. మన రాజమహేంద్రవరమునందో! వితంతువివాహసమయమున వంటవారును నీళ్లవారును మానివేయగా, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసికొనివచ్చి వంట చేసిరి. నవ్వును మనము ఐర్లండునుండి తెచ్చుకొంటిమి. ఆ నవ్వునకు తగిన నడవడి మన యిల్లాలిలోనే కలదు. అయినను షెరిడనునకు ఒక ఋణము మనము పడియున్నాము. 1787 ఫిబ్రవరి 7వ తేదీన బ్రిటిష్ పార్లమెంటునందు అయోధ్య బేగములకు వారన్ హేస్టింగ్సు చేసిన యన్యాయమును గూర్చి అయిదుగంటలకు పైగా ప్రసంగించినది ఈ హాస్యకవియే. నవ్వించుట తెలిసినవానికి అన్యాయము తెలియదని యెవరనిరి?

దేశభక్తులమగు మనకు మఱియొక పాఠము ఐర్లండులోనే కలదు. 1907 జనవరిలో డబ్లినునందలి ఆబీ రంగశాలలో జాన్ సింజ్ వ్రాసిన 'ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' ప్రదర్శితమైనది. తండ్రిని చంపివచ్చితినని కోతలు కోసిన యువకుని ఊరి యువతులు వీరునిగా నెంచి మురియుట అందలి కథ. స్వరాజ్యవాదులు మండిపడిరి. మా పల్లెపడుచులను ఇట్లు చూపుదువా యని కేకలు వేసిరి. స్త్రీల లోపలివస్త్రము పేరొకటి పలుకగనే రంగశాల దద్దరిల్లినది. పోలీసులు రావలసివచ్చెను. కవి యేట్స్ సభ పిలిచి నాటకము పక్షమున వాదించెను. మేము ఆ దినములలో డబ్లినునందు పత్రిక నడుపుచుండినచో ఏ పక్షమున వ్రాసియుందుమో ధైర్యముగా చెప్పజాలము. పరాధీనజాతికి తన స్త్రీల గౌరవము అద్దమువంటిది. తాకినచో పగులునని భయము. కాని నేడు ఆ నాటకము ఐర్లండు సాహిత్యమునకు అలంకారము. ఆ కేకలు చరిత్రలో నొక పుట. తన్ను తాను చూచి నవ్వుకొనగల జాతిని ఎవరును చిరకాలము అవమానింపలేరు.

ఇట నాటకము విడిచి చలనచిత్రములకు వత్తము. ఐర్లండు వాసనగల ప్రణయహాస్యమనగానే లోకులు తలచుకొను చిత్రము 1952లో వెలువడిన 'ది క్వైయట్ మాన్'. దర్శకుడు జాన్ ఫోర్డ్ ఐరిష్ తల్లిదండ్రుల బిడ్డ. ఆయనకు దీనివలన ఉత్తమదర్శకుడను ఆస్కారు బహుమతి లభించెను. అమెరికానుండి తాతతండ్రుల ఊరికి తిరిగివచ్చిన సీన్ అను యువకుడు మేరీకేట్ అను పల్లెపడుచును వలచును. పెండ్లిండ్లపేరయ్య నడుమ కూర్చుండగా, వధూవరులు గుఱ్ఱపుబండికి చెఱియొక ప్రక్కన కూర్చుండి ఊరేగుట చూచినచో, మన పెండ్లిచూపులు ఎఱిగినవారు నవ్వాపుకొనలేరు. పెండ్లి జరుగును. అన్న కట్నమీయనని మొండికేయును. అమెరికా మగనికి ఆ సొమ్ముతో పనిలేదు. కాని మేరీకేట్ పట్టు విడువదు. అది మగని యాశకు వెల కాదు. తల్లినుండి తనకు రావలసిన సొత్తు, తన స్వాతంత్ర్యము, ఆ యింట తాను పరాధీన కాననుటకు గుర్తు. తుదకు అన్న డబ్బు విసరివేయగా, ఆమె కొలిమి తలుపు తెఱచును, మగడు ఆ నోట్లను అగ్నిలో వేయును. ఇద్దఱికిని కావలసినది సొమ్ము కాదు, న్యాయము.

ఈ దృశ్యమును గోదావరి మండలమున చూచువారికి ఒక చుఱుకు తగులకమానదు. ఒకప్పుడు కన్యాశుల్కమని పిల్లను అమ్మితిమి. పిదప వరకట్నమని పిల్లవానిని అమ్మితిమి. 1961లో వరకట్ననిషేధశాసనము వచ్చినను పందిరి వెనుక బేరములు ఆగలేదు. స్త్రీధనమను మాట మన ధర్మశాస్త్రములలో కలదు. అది స్త్రీ చేతిలో నుండుట మాత్రము అరుదు. మేరీకేట్ అడిగినది స్త్రీధనము. మనము ఇచ్చునది వరుని వెల. ఐతే ఆ చిత్రమునందు మగడు భార్యను ఊరందఱి యెదుట పొలములవెంట ఈడ్చుకొనివచ్చు దృశ్యమొకటి కలదు. దానిని చూచి అచ్చటి జనులు వేడుకపడుదురు. మాకు ఆ నవ్వు రాలేదు. ఎంత అందమైన చిత్రమైనను అన్యాయమును వేడుకగా జూపినచో ఆ మేరకు అది చెడినదే.

ఇక మన గోదావరి చిత్రములు. ధవళేశ్వరమున పుట్టిన ముళ్లపూడి వెంకటరమణయు, నరసాపురమున పుట్టిన బాపుయు 1973లో 'అందాల రాముడు' చిత్రమును గోదావరిమీదనే నడిపించిరి. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు పోవు పడవలో కలవారిని లేనివారిని ఎక్కించి, నదియే పేరయ్యగా పెండ్లి కుదిర్చిరి. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'యందు మరల ఆ దారినే పట్టిరి. అందలి సీత పెండ్లిచూపులతో విసిగి, తన కాళ్లపై తాను నిలువదలచిన యువతి. ఆమె మనస్సు మారుటకు చిత్రమంత కాలము పట్టినది, పట్టవలసినదే. వంశీ 1991లో తీసిన 'ఏప్రిల్ 1 విడుదల'యందు కోతలరాయుడగు నాయకునికి నాయిక పెట్టిన పరీక్ష ఏప్రిల్ 1 వఱకు నిజమే పలుకవలెనని. గోదావరివానికి ఇంతకంటె ఘోరశిక్ష లేదు! పరీక్ష పెట్టినది ఆమె, నెగ్గవలసినవాడు అతడు. ఇది గోల్డ్‌స్మిత్ కోవలోని సొగసు.

కాని ఆ దర్శకునిదే 1986లో వచ్చిన 'లేడీస్ టైలర్'నందు నాయకుడు తొడపై పుట్టుమచ్చగల స్త్రీ దొరికినచో అదృష్టము పట్టునని నమ్మి, ఊరి యువతులను ఒక్కొక్కరిని మోసపుచ్చును. హాస్యము అద్భుతము, పల్లె అద్భుతము, గోదావరి వెటకారము నూటికి నూఱుపాళ్లు కలదు. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చి యోచింపగా ఆ మోసపోయిన యువతుల ముఖములు కనబడినవి. అటు పిమ్మట వచ్చిన చిత్రములు కొన్ని ఆ చిత్రపు ప్రతిభను విడిచి దోషమును మాత్రమే పుణికిపుచ్చుకొన్నవి. కన్య వెంట బడుటయే ప్రేమయనియు, ఆమె వలదనుట సిగ్గనియు, పదిమార్లు వలదనినచో పదునొకండవమారు ఊ అనుననియు నేర్పుచున్నవి. ఇంకొక విపరీతము: గోదావరి యాసను పాలేరునకో, వంటవానికో, పేరాశపడు పేరయ్యకో మాత్రమే యిచ్చి, నాయకునికి ఇయ్యకుండుట. 1775లో ఐరిష్ పాత్రను చూచి ఆపిలు విసరినవాని బాధ మనకిప్పుడు కొంత అర్థము కావలెను. మేము పండ్లు విసరుమని చెప్పుట లేదు. షెరిడన్‌వలె తిరుగవ్రాయుడని కోరుచున్నాము.

ఐర్లండు ప్రణయహాస్యములలోని సొగసు పచ్చని కొండలలో లేదు, వానలో లేదు, పల్లె సారాయంగడిలోని పాటలో లేదు. అవి చూడముచ్చటైన తెరలు. మన గోదావరిమీది లాంచీలును, కొబ్బరితోటలును, పూతరేకులును అట్టి తెరలే. సొగసంతయు ఒక్క క్షణమునందున్నది. పందిరి సిద్ధము, పెద్దలు సిద్ధము, వరుడు సిద్ధము. అందఱు ఒక యువతి ముఖము వంక చూచుచున్నారు. ఆమె ఏమనునో ఎవరికిని తెలియదు. ఆ తెలియకపోవుటలోనే ప్రేక్షకుని గుండె కొట్టుకొనును, కవి కలము కదలును. ఆమె యేమనునో ముందే నిర్ణయించిన సమాజమునందు పెండ్లి జరుగునుగాని కథ జరుగదు.

వీరేశలింగముగారు ఈ రహస్యమును కనుగొని మనకు అప్పగించిరి. రాజమహేంద్రవరమున నాటకసమాజములకును, విద్యాలయములకును మా విన్నపమొకటే. 'కల్యాణ కల్పవల్లి'ని, 'రాగమంజరి'ని బీరువాలలోనుండి తీసి దుమ్ము దులుపుడు. భాష పాతబడియుండవచ్చును, నేటి గోదావరి నుడికారమున తిరుగవ్రాసికొనుడు. పాత్రలను మన కాలువగట్టుమీద నిలువబెట్టుడు. ముందువరుసలో ఆడపిల్లలను కూర్చుండబెట్టుడు. పెద్దలందఱు తలయూపిన పిదప రంగముమీది కన్య 'నాకిష్టము లేదు' అనినప్పుడు, ఆ ముందువరుసనుండి మొదటి నవ్వు వినవచ్చినచో, పంతులుగారి శ్రమ ఫలించినదని మేమెంతుము.